ఖాళీ బండి వెనుక నడిచిన మా వదిన

ముందుగా నా గురించి తిరుగుతున్న ఒక మాటను సరిదిద్దవలసి ఉన్నది. కర్నూలులో మా వీధివారు చెప్పుకుంటున్నట్లు నేను మంచం పట్టలేదు. నడక మానలేదు. కడపలో ఉన్న మా మేనల్లుని ఇంట్లో చేరి మిగిలిన రోజులు వెళ్లబుచ్చడానికి పెట్టె సర్దుకోనూ లేదు. మా వదిన పోయిన మాట ఒక్కటే నిజం. కార్తీకమాసం చివర ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె, శెనక్కాయల పొడి ఇష్టంగా తిని, కాసేపు నడుము వాలుస్తానని నడిమింట్లో చాప పరచుకున్నది. కాఫీ వేళకు పిలిస్తే లేవలేదు. ముఖంలో బాధ జాడ లేదు. చేయి తల కింద పెట్టుకున్నది పెట్టుకున్నట్లే ఉన్నది.

కాని ఊళ్లో కథ వేరు. ఆమె కాలువ గట్టు మీద నడుస్తూ నడుస్తూ కూలిపోయిందట. చదువుకున్న ఆడబిడ్డ వయసు మళ్లిన మనిషిని నడిపించి నడిపించి చంపిందట. నా మీద పడిన నిందను నేను మోయగలను. ఒంటరిగా బతికే స్త్రీకి అటువంటి మోత కొత్త కాదు. అయితే ఈ అబద్ధం చేసిన పని మరొకటి ఉన్నది. ఇన్నేళ్లుగా ప్రతి ఉదయం ఆమె వెంట కాలువ గట్టు మీద నడిచిన మా వీధి స్త్రీలను ఇప్పుడు ఇంటివాళ్లు గడప దాటనివ్వడం లేదు. ఆమె ఎంతో కష్టపడి నిలబెట్టిన ఆ నడక ఒక్క పుకారుతో ఆగిపోయేటట్లున్నది. అందుకే, దుఃఖం తీరేదాకా ఆగకుండా, పత్రికకు ఈ మాటలు రాస్తున్నాను.

ఆమె మా పెద్దన్న భార్య. మాది పత్తికొండ ప్రాంతంలో భూములున్న ఇల్లు. ఆమె కోడలుగా వచ్చేనాటికి నేను పరికిణీ కట్టే పిల్లను. అందుచేత చివరిదాకా నన్ను "పాపా" అనే పిలిచింది. నేను బాలికల పాఠశాలకు పెద్దపంతులమ్మగా ఉన్న రోజుల్లో ఒకసారి పల్లె నుండి తెర కట్టిన బండిలో వచ్చి, తనిఖీకి వచ్చిన అధికారి ఎదుటనే, "పాపా, మజ్జిగ తాగకుండా పోతాండావు" అని గట్టిగా అరిచింది. నేను మద్రాసులో కాలేజీ చదువుకు పోతానంటే ఇంట్లో అందరూ గుండెలు బాదుకున్నప్పుడు, "పోనీండి, తిరిగొచ్చి మనకే చెప్తాది" అన్నది కూడా ఆమే.

మా ఇంటి స్త్రీల పాదాలు వీధి మట్టిని ఎరుగవని మా తాతల నాటి గొప్ప. మంత్రాలయం యాత్రకైనా, పెళ్లికైనా, చావుకైనా గూడుబండిలో పోవాలి. బండికి ముందూ వెనుకా తెరలు కట్టాలి. మా వదిన జీవితంలో ఎక్కువ భాగం వంటింటికీ నట్టింటికీ నడుమనే గడిచింది. మా అన్న పోయిన తర్వాత ఆ కొద్ది తిరుగుడు కూడా లేకపోయింది. ఒక మూల కూర్చున్నది, కూర్చున్నచోటనే బరువెక్కింది.

కర్నూలుకు రాజధాని వచ్చి, కచేరీలు డేరాల్లో నడుస్తున్న రోజుల్లో ఆమెను వైద్యం కోసం మా ఇంటికి తీసుకువచ్చారు. బండి దిగి నా ఇంటి మెట్లెక్కి, గడప మీదనే కూలబడింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. మాటకూ మాటకూ నడుమ ఊపిరి అందడం లేదు.

"ఈ మెట్లు... ఎవురు కట్టినారే పాపా?" అన్నది.

"మేస్త్రీ కట్టాడు వదినా. ఎందుకు?"

"వాడు కనపడితే... చెప్పు. మనిషికి కట్టల్ల, మేకకు కాదు."

మా వీధి చివర, ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వృద్ధ వైద్యులు ఒకరు ఉన్నారు. ఆయన గుండె, నాడి, కాళ్లు అన్నీ చూసి, వాపు తీయడానికి మందు రాసి, ఆ తర్వాత అన్నారు: "అమ్మా, మీ గుండె బలహీనంగా ఉన్నది. అట్లని మూటగట్టి అటక మీద పెడితే దానికి బలం రాదు. వాపు తగ్గిన తర్వాత రోజూ నడవండి. మొదట నాలుగిళ్ల దూరం. ఆయాసం వస్తే ఆగండి. తగ్గితే మళ్లీ నడవండి. వారం వారం కొంచెం దూరం పెంచండి."

"నడిచేకి నాకేం పని ఉండాదప్పా? పనీపాటా లేకుండా నడిచేది పిచ్చోళ్లు గదా!"

ఆ మాట ఆమె ఒక్కదానిది కాదు. మా సీమలో స్త్రీ నడిస్తే నీళ్ల బిందె ఉండాలి, గడ్డిమోపు ఉండాలి, లేదా దేవుడుండాలి. కేవలం తన రక్తం చురుకుగా పారడానికి, తన ఊపిరి తనకు చాలడానికి నడిచే స్త్రీకి చెప్పుకోవడానికి కారణం లేదు.

సంగతి తెలిసి, కడపలో వకీలుగా ఉన్న ఆమె కుమారుడు పల్లె నుండి గూడుబండిని, ఎద్దులను, తోలే మనిషిని మా ఇంటికి పంపించాడు. అమ్మ కాలువ వైపు పోయి గాలి పీల్చుకోవచ్చు. తెర మాత్రం తీయరాదు. ఆమె అట్లే చేసింది. తెల్లవారుజామున బండెక్కడం, గట్టుదాకా పోవడం, బండిలోనే కూర్చుని తిరిగి రావడం. కొన్నాళ్లకు వైద్యులు నాడి పట్టుకుని అడిగారు.

"నడుస్తున్నారా అమ్మా?"

"నడుస్తాండాయి గదప్పా, రెండెద్దులూ!"

"సంతోషం. వాటి గుండెలు బాగుపడతాయి."

ఆ మాటకు ఆమె నవ్వలేదు. మరునాటి ఉదయం, మా వీధి దాటి డేరాల దగ్గరకు రాగానే బండి ఆపించింది. పక్కన నడుస్తున్న నా భుజం పట్టుకుని కిందికి దిగింది. బండివానితో, "తెర కట్టుకోని నువ్వు ముందర పో. మెల్లగా తోలు. నేను యెనక వస్తాండా" అన్నది. వాడు భయపడ్డాడు. "చిన్నయ్యగారికి తెలిస్తే నా తోలు ఒలుస్తాడమ్మా" అన్నాడు. "తెర కట్టే ఉండాది గదా! ఎవురికి తెలిసేది?" అన్నది ఆమె.

అట్లా మొదలయింది. తెరలు బిగించిన ఖాళీ బండి ముందు. ముతక చీర కొంగు నెత్తిన వేసుకుని, మా అన్నగారి కిర్రుచెప్పులు తొడుక్కుని, ఆమె వెనుక. కొన్నాళ్లలోనే ఆమె చూపిన వింత ఒకటి ఉన్నది. డేరాల దగ్గర ముఖం కడుక్కునే గుమాస్తాలు బండిని చూసి, పెద్దింటి స్త్రీ పోతున్నదని పక్కకు తొలగేవారు. బండి దాటగానే మళ్లీ దారికడ్డంగా నిలబడేవారు. మేమిద్దరం వాళ్లను తప్పించుకుని పోవలసివచ్చేది.

ఒకనాడు మా పల్లెకు చెందిన ఒక ముసలి రైతు కచేరీ పని మీద వచ్చి, గట్టు దగ్గర ఆ బండిని గుర్తుపట్టాడు. చెప్పులు విడిచాడు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు, తెరకు వంగి దండం పెట్టాడు.

"అమ్మా, బాగుండారా? ఒళ్లు నలతగా ఉండాదని వింటిమి."

తెర పలకలేదు. బండి వెనుక నుండి మా వదిన, అలవాటుగా, "బాగుండానప్పా, నీ బిడ్డలు బాగుండారా?" అన్నది.

ఆయన తల తిప్పి ఆమెను కింది నుండి పైదాకా చూశాడు. చూపు ఆనని కళ్లు, మసక వెలుతురు. "నిన్నెవురు అడిగినారు? అమ్మగారితో మాట్లాడతాంటే నడుమ నువ్వేంది! పనికి పెట్టుకుంటే నోరు గూడా పెట్టుకుంటారా మీరు?" అని కసురుకుని, మళ్లీ తెర వైపు తిరిగి, వానలు లేని సంగతి, శెనక్కాయ పంట ఎండిన సంగతి ఎంతో వినయంగా విన్నవించుకున్నాడు. బండివాడు తువాలు నోట్లో కుక్కుకున్నాడు. నేను కాలువలోకి చూస్తూ నిలబడ్డాను. విన్నపమంతా అయ్యాక ఆయన మరొక దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె తిన్నగా ఇంటికి నడిచింది. గడప మీద కూర్చుని, చెప్పులు విడిచి, అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. నేను ఆయాసం వస్తుందని భయపడ్డాను, రాలేదు. ఆ గడప మీదనే కొన్ని నెలల కిందట మాట పూర్తి చేయలేక కూలబడిన మనిషి అంతసేపు నవ్వగలగడం వైద్యుల లెక్కలో ఏమవుతుందో తెలియదు గాని, నా లెక్కలో అదే మొదటి గెలుపు.

నవ్వు ఆగిన తర్వాత అన్నది: "పాపా, ఇన్నేండ్లు దండాలన్నీ నాకనుకుంటి. బండికే పెట్టినారు. అది బాగుంటే సాలు, లోపల నేను ఉన్నా లేకున్నా ఒకటే."

మరునాడు బండిని పల్లెకు తిప్పి పంపించింది. అడ్డం లేకుండా, తెర లేకుండా, పట్టపగలు పోలేకపోయినా కనీసం తెల్లవారుజాము వెలుతురులో, తన ముఖంతో తాను నడిచింది.

వారం తిరగకముందే కుమారుడు కడప నుండి వచ్చాడు. మంచి పిల్లవాడు, మాటకారి, అప్పటికే కొంచెం బొజ్జ వచ్చినవాడు.

"ఏమ్మా, నువ్వు అత్తను పక్కన పెట్టుకోని రోడ్డు మీద తిరుగుతాంటే, కడపలో నేను ముఖం ఎట్ల చూపించేది?"

"నీ ముఖం నువ్వు చూపిచ్చు నాయనా. నా కాళ్లతో దానికేం పని?"

"మన ఇంటి మర్యాద ఏం కావల్ల?"

"అది బండిలో ఉండాది. ఊరికి పంపించినా. పోయి చూసుకో."

రేపు గట్టు మీదనే తేల్చుకుందామని తల్లీకొడుకులు ఒప్పందానికి వచ్చారు. అతడు నడుస్తూ వాదించడం మొదలుపెట్టాడు. ఆమె వేగం తగ్గించలేదు. తుమ్మచెట్ల వరుస దాటేసరికి అతని వాక్యాలు చిన్నవయ్యాయి. మలుపు దగ్గర అతడు నడుము మీద చేతులు పెట్టుకుని ఆగిపోయాడు. ఆమె వెనుదిరిగి, "కోర్టులో గెలుస్తావులే నాయనా. ఈడ వాదించేకి ఊపిరి గావల్ల" అన్నది. ఆ తర్వాత అతడు ఆ ప్రస్తావన తేలేదు. కడపలో కొండల వైపు తానూ ఉదయం పూట నడుస్తున్నానని మరుసటి ఏడు సిగ్గుపడుతూ చెప్పాడు.

ఆమె వెంట మొదట వచ్చినది మా పక్కింటి ముస్లిం ఇల్లాలు, వీధంతా ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆమె. ఆమెకు మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టదు. బుర్ఖా వేసుకుని గుమ్మంలో నిలబడి, "వదినమ్మా, మీకంటే నేనే నసీబుదాన్ని. నా తెర నాతోనే వస్తాంది, ఎద్దులు గూడా అక్కర్లా" అన్నది. ఇంటాయన అడిగితే ఏం చెప్తావని మా వదిన అడిగింది. "అల్లా ఇచ్చిన ఊపిరి వాడుకోకుంటే రేపు లెక్క అడుగుతాడని చెప్తా" అని ఆమె జవాబు. ఆ తర్వాత పోస్టుమాస్టరుగారి భార్య వచ్చింది. పురిట్లో బిడ్డ పోయి, అన్నం సహించక, మనిషిని చూస్తే ముఖం తిప్పుకునే స్థితిలో ఉన్న పడుచు. ఆమె ఎన్నో రోజులు మాతో ఒక్క మాటా లేకుండా నడిచింది. మా వదిన పలకరించలేదు, మమ్మల్నీ పలకరించనివ్వలేదు. ఒక ఉదయం ఆ పిల్ల ఉన్నట్లుండి, "మీరెందుకట్ల పరిగెత్తుతారు, మాకు కాళ్లు లేవా?" అని మా వదినతో కొట్లాటకు దిగింది. మా వదిన సంబరం చెప్పనలవి కాదు. "పాపా, తగువు పెట్టుకుంటాంది సూడు! ఇంక బతుకుతాది" అని నా చెవిలో అన్నది. ఆ పిల్ల ఆ రోజు మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నదని వాళ్ల అత్తగారే వచ్చి చెప్పింది.

నడకకు మా వదిన పెట్టిన కట్టుబాట్లు ఆమె సొంతం. బయలుదేరినప్పుడు నిదానం, నడుమ చురుకు, ఇల్లు దగ్గర పడేటప్పుడు మళ్లీ నిదానం, "ఎద్దును గూడా అట్లనే అదిలిస్తారు, అట్లనే నిలబెడతారు, మనం దానికి తీసిపోయినామా?" అనేది. ఎంత వేగంగా నడవాలని ఎవరైనా అడిగితే ఒకటే కొలత చెప్పేది: "మాట్లాడేకి ఊపిరి ఉండల్ల, చాడీలు చెప్పేకి మిగలగూడదు." నేను ఈ మాటను వైద్యులకు చెబితే ఆయన చాలాసేపు నవ్వి, తాను రోగులకు ఇంత తేలికగా చెప్పలేకపోయానన్నారు. ఒకనాడు నడిచి ఒకనాడు మానేవాళ్లను ఆమె సహించేది కాదు. "నిన్న తిన్నావని ఈ పొద్దు తినకుండా ఉన్నావా?" అని వాళ్ల ఇంటి ముందు నిలబడి అడిగేది. ఎండాకాలంలో చుక్క ఉండగానే లేపేది. ఎవరికైనా ఛాతీలో నొప్పి అన్నా, కళ్లు తిరుగుతున్నా, నడక ఆపించి తిన్నగా వైద్యుల ఇంటికి తీసుకుపోయేది. అటువంటి చోట మొండితనం పనికిరాదని ఆమెకు బాగా తెలుసు.

ఆమె శరీరంలో వచ్చిన మార్పును నేను కళ్లారా చూశాను గనుక చెబుతున్నాను. కాళ్ల వాపు దిగింది. రక్తపు పోటు తగ్గుముఖం పట్టిందని వైద్యులు చెప్పారు. తలకింద రెండు దిండ్లు పెట్టుకుంటే గాని పడుకోలేని మనిషి చాప మీద వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయింది. నా ఇంటి మెట్లు బిందె చంకన పెట్టుకుని ఎక్కింది. వీటన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది మరొకటి: ఆమె మళ్లీ రేపటి గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. వచ్చే వానలకు పెరట్లో ఏం వేయాలి, మనవరాలిని ఏ బడిలో చేర్చాలి, తుంగభద్ర అవతలి ఒడ్డు ఎట్లా ఉంటుంది. మూల కూర్చున్నప్పుడు ఆమెకు నిన్న తప్ప మరేదీ లేదు.

ఆమె పోయిన రోజు వైద్యులు వచ్చి నాడి చూసి, ఆమె చెయ్యి కిందికి దించి, నాతో అన్న మాట ఉన్నదున్నట్లు రాస్తున్నాను: "ఈ గుండెను నేను మొదటిసారి విన్నప్పుడు, ఇంకొక ఎండాకాలం దాటితే గొప్ప అనుకున్నానమ్మా. ఇది నడిచి సంపాదించుకున్న కాలం." నడిస్తే మృత్యువు రాదని ఆయన అనలేదు, నేనూ అనను. వచ్చేదాకా మనిషి ఎట్లా బతికిందన్నదే లెక్క.

అయినా పుకారు ఆగలేదు. పెద్దకర్మ ముగిసిన మరునాడు ఆపా మా దొడ్డి గోడ దగ్గరికి వచ్చింది. "మా ఇంట్లో వద్దంటాండారు. ఆమెకే అట్ల అయింది, నీకేమన్నా అయితే ఎవురు దిక్కంటాండారు. నాకు మళ్లా మోకాళ్లు పట్టేసినాయి, అక్కా" అన్నది. పోస్టుమాస్టరుగారి భార్య కిటికీలో కనబడి తల దించుకున్నది. నేను కాలువ గట్టుకు ఒక్కదాన్నే పోయి వస్తూ ఉన్నాను. చీకటి విడవని ఆ వేళ నన్ను చూసినవారు లేరు. చూడలేదు కనుక, నేను మంచం పట్టానని ఊరు తేల్చుకున్నది.

మా మేనల్లుడు మొన్న మళ్లీ వచ్చాడు, నన్ను కడపకు తీసుకుపోవడానికి. తల్లి పోయిన దుఃఖంలో ఉండి కూడా నన్ను గురించి ఆలోచించాడు. అది నేను మరువను.

"అత్తా, మీరొక్కరే ఈడ ఎట్ల ఉంటారు? మా ఇంట్లో మీకు ఎదురు చెప్పేవాళ్లు ఎవురూ ఉండరు."

"ఎదురు చెప్పేవాళ్లు లేకపోతే నాకు తోచదు నాయనా."

"పోనీ, ఈడనే ఉండండి. నడక మాత్రం కొన్నాళ్లు ఆపండి. మీకేమన్నా అయితే జనం మళ్లీ ఇదే మాట అంటారు."

"అంటారు. వాళ్లు చూడకుండా నడిచినందుకే ఇప్పుడు అంటున్నారు."

అతడు నా ముఖం వైపు చూశాడు. తల్లి పోలిక అతనిలో కళ్లలోనే ఉన్నది. "ఏం చేయాలనుకుంటాండారు?" అన్నాడు. చెప్పాను. "నన్ను అడగట్లేదు గదా మీరు" అన్నాడు. లేదన్నాను.

వైద్యులను మాత్రం నా గుండె విని చెప్పమన్నాను. వయసుకు తగినట్లు ఉన్నదన్నారు, పూచీ ఇవ్వనన్నారు. నేనూ అడగలేదు. ఏదో ఒకనాడు నేను వీధిలో పడిపోతే, ఈ పత్రిక చదివినవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: అంతదూరం నన్ను తీసుకువచ్చినది నడకే.

రేపటి నుండి నేను తెల్లవారుజామున బయలుదేరను. ఎండ వీధిలో పడ్డాక, అరుగుల మీద మగవాళ్లు వేపపుల్లలు నములుతూ కూర్చునే వేళ బయలుదేరుతాను. ఆపా గుమ్మం ముందు నుండి, పోస్టుమాస్టరుగారి కిటికీ ముందు నుండి, బజారు మీదుగా, కోట బురుజు పక్కగా కాలువకు పోయి, అదే దారిన తిరిగి వస్తాను. ఎవరినీ పిలవను, ఎవరినీ ఒప్పించను. రోజూ పోయి రోజూ తిరిగివచ్చే మనిషిని చూసి ఎవరికి వారే తేల్చుకుంటారు. దీనికి నేను ఎవరి సలహా తీసుకోలేదు. మా వాకిట్లో ఇంకా ముగ్గు వేయడం లేదు. పొద్దున్నే చల్లిన కల్లాపి తడి మాత్రం ఉంటుంది. ఆ తడినేల మీద మొదటి అడుగు నాది.